గంజి చల్లారకముందే

మనవరాలు నాలుగు రోజులు ఊరు వెళుతూ నాకొక గాజు సీసా అప్పగించింది. గోధుమపిండి, నీళ్ళు కలిపి పులియబెట్టిన ముద్ద అది, దానితోనే రొట్టె కాలుస్తుంది. రోజూ ఏడింటికి సగం తీసేసి, యాభై గ్రాముల పిండీ యాభై గ్రాముల నీళ్ళూ కలపమంది. అంతవరకూ బాగానే ఉంది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, “వేడినీళ్ళు పోసేవు అమ్మమ్మా, చచ్చిపోతుంది” అంది. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇప్పటికి తొమ్మిదిసార్లు వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చాను.

నా ఈడు వాళ్ళకి తరవాణి కుండ గురించి చెప్పక్కర్లేదు. పొద్దున్నే ఒక చెంబు పుల్లటి నీళ్ళు తీసి చద్దన్నంలో కలుపుకోవడం, తీసినంత చల్లారిన గంజి మళ్ళీ పోయడం, కుండ ఎన్నడూ ఖాళీ కానివ్వకపోవడం. గుంటూరులో మా అత్తగారి కుండ ఆవిడ కాపురానికి వచ్చిన ఏడాది మొదలుపెట్టింది. దాన్ని మడితో తప్ప ముట్టుకునేది కాదు. ఎనభై నాలుగు వేసవిలో, మా ఆడపడుచు పురుడని సత్తెనపల్లి వెళుతూ, పదకొండు రోజులకి ఆ కుండ నాకు అప్పగించింది.

నేనప్పుడు పెదకాకాని బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. ఎంత తీశానో అంతే పోశాను, ఏ రోజూ చెంబు తప్పలేదు. ఆరో రోజు పదో తరగతి పిల్లలకి ప్రత్యేక తరగతి ఉండి, బస్సు తప్పిపోతుందన్న హడావుడిలో పొయ్యి మీంచి గంజి దించింది దించినట్టే పోసేశాను. ఎనిమిదో రోజుకి పులుపు వాసన పోయి పాచి వాసన వచ్చింది, పైన బూజు తేలింది. ఇంకా మూడు రోజులు. ఆ రోజు బళ్ళో ఒకే లెక్క రెండుసార్లు తప్పు చేశాను.

మా పక్కిల్లు పరుపులు కుట్టే సాయిబుగారిది. ఆయన భార్యను అక్కా అనేదాన్ని. అప్పటికి మూడేళ్ళ కిందట మా అత్తగారే, పాపం ఎండల్లో దూది ఏకుతున్నారని, గోడ మీంచి ఆవిడకి కాస్త తరవాణి పోసి పెట్టిందట, ఆవిడ దాన్ని నిలబెట్టుకుంటూ వస్తోంది. నేను గిన్నె పట్టుకుని వెళ్ళి సంగతి చెబితే నవ్వింది.

“ఏంటమ్మాయ్, లెక్కల టీచరువై ఉండి గంజి దగ్గర బోల్తా పడ్డావా?”

“మా అత్తయ్యకి చెప్పకక్కా, నీకు దణ్ణం పెడతాను.”

“అడిగితే అబద్ధమాడను. అడక్కపోతే నాకేం పని?”

కుండ వేణ్ణీళ్ళతో కడిగి, ఎండబెట్టి, ఆవిడిచ్చింది పోసి, చల్లటి గంజి కలిపాను. పదకొండో రోజుకి కుండ మళ్ళీ పుల్లగా ఘుమఘుమలాడింది. అత్తగారు వచ్చి, స్నానం చేసి, మొదట చేసిన పని తరవాణి రుచి చూడడం. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆవిడ ముఖం విప్పారింది. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటావిణ్ణి కేకేసింది.

“మా కోడలు కుండ ఎంత బాగా చూసుకుందో చూడవే! నీకిచ్చింది ఎప్పుడో పాడై ఉంటుంది. గిన్నె పట్టు, కాస్త పోస్తాను.”

“పొయ్యండమ్మగారూ, మీరు పోస్తే వద్దంటానా?”

ఆవిడ గిన్నె పట్టింది. మా అత్తగారు చెంబు తగలకుండా జానెడు ఎత్తునుంచి, ఆవిడ తరవాణే ఆవిడకి పోసింది. అక్క ఒక్కసారి నావైపు చూసి, గిన్నెకి కొంగు కప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం గుమ్మం దాటలేదు.

అత్తగారు ఆ తరవాణి ఇంకా ఆరు వేసవులు తాగింది. సాయిబుగారి కుటుంబం రెండో ఏడే ఇల్లు మారింది. ఇవాళ మా ఇంట్లో ఏది ఎవరి చేతి మీదుగా వచ్చిందని అడిగేవాళ్ళు లేరు. ఆనాటి మాట బయటపెడితే పిల్లలు నవ్వి ఊరుకుంటారు. కోప్పడవలసిన మనిషి పోయింది. ఆ కుండ నిలబెట్టింది నువ్వేనని నలుగురిలో ఎవరికి చెప్పి ఉండాలో, ఆ అక్క ఏ ఊళ్ళో ఉందో కూడా నాకు తెలియదు.