నిద్రలేని కళ్లు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. దానివల్ల అన్నం దిగకుండా పోలేదు, నవ్వు ఆగలేదు, గిరాకీతో గొడవ పడటానికి కూడా అది అడ్డం రాలేదు. కానీ ఉంది. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. జాలి మాత్రం పడకండి, నాకది గిట్టదు.

నేను మెత్తటి మనిషిని కాను. జనగామలో సొంత టైలరింగ్ షాపు నాది. నేను కొలత తీసిన జాకెట్టు మళ్లీ విప్పి కుట్టాల్సిన పని ఉండదు. విడాకులప్పుడు కూడా నేను ఏడుస్తూ కూర్చోలేదు. పెద్దమనుషులు పంచాయితీలో రాయించిన ఒప్పందం కోర్టులో నిలబడదని వకీలు చెప్పగానే మనోవర్తికి కేసు వేశాను, బిడ్డ నా దగ్గరే ఉండాలని ఇంకో కేసు వేశాను. అర్థం కాని ప్రతి కాగితాన్నీ చదివించుకున్నాకే సంతకం పెట్టాను. ఆడదానికి ఇంత తెలివి ఎందుకని మా వాళ్లే అన్నారు. అంటే అననీ. ఆ పోరాటంలో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను.

తప్పు ఆ తర్వాత చేశాను.

నా మొగుడిది భూపాలపల్లి. మోటార్లు కాలిపోతే వైండింగ్ చేసి బాగుచేసే పని. మా ఇద్దరికీ పడలేదు, అంతే. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. తాగేవాడు కూడా కాదు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆదివారాలు బిడ్డను చూసుకోవచ్చని కోర్టు చెప్పింది. ఆయన పొద్దున్నే మొదటి బస్సుకు దిగేవాడు. కళ్లు ఎర్రగా ఉండేవి. మొదట్లో నేనూ అడిగాను. సాదిక్ కాలు విరిగిందని చెప్పాడు. సాదిక్ ఆయన చిన్ననాటి దోస్తు, ఒక రైసు మిల్లులో రాత్రి కాపలా ఉంటాడు. మంచాన పడ్డాడని తెలిస్తే మిల్లువాళ్లు ఇంకొకరిని పెట్టుకుంటారని, సాదిక్ పేరు మీద ఈయన వెళ్తున్నాడు. జీతం చెరి సగం. ఆ సగం నాకిచ్చే మనోవర్తిలోకే వచ్చేది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పనన్నాను.

ఆయన ఒక్క రాత్రి మేలుకుంటే చాలు, కళ్లు నెత్తురు ముద్దలవుతాయి. కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా? బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు తెల్లార్లూ భుజాన వేసుకుని తిరిగాడు. తెల్లవారి ఆ కళ్లు చూసి నేనే తడిగుడ్డ వేశాను.

ఒక ఆదివారం సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే, ఎండాకాలం సెలవులు బాపు దగ్గరే ఉంటానంది. అప్పటికే అందుకు ఆయన కోర్టులో పిటిషన్ వేసి ఉన్నాడు. నాకు కడుపు మండింది. బిడ్డ దూరమవుతుందన్న భయం అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయమేనా? కాదు. కుళ్లు. రోజూ అన్నం పెట్టేది నేను, జడలు వేసేది నేను, హోంవర్కు దగ్గర తిట్టి చెడ్డదాన్నయ్యేది నేను. వారానికోసారి వచ్చి ఐస్‌క్రీం కొనిచ్చే మనిషి బంగారమా?

వచ్చేటప్పుడు తాగి వస్తాడా అని వకీలు అడిగాడు. కళ్లు మీరే చూడండి సార్ అన్నాను. తాగుతాడని నేను అనలేదు. కోర్టుకిచ్చే జవాబులో ఆ మాట వకీలు రాశాడు. నేను చదివించుకుని మరీ సంతకం పెట్టాను. అనలేదు కదా అన్న ఆ ఒక్క సాకు పట్టుకుని ఎన్ని రాత్రులు హాయిగా నిద్రపోయానో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు.

జడ్జి బిడ్డను గదిలోకి పిలిచి మాట్లాడతారని తెలిసింది. ముందు రోజు తల దువ్వుతూ, బాపు కళ్లు ఎట్లుంటాయని అడిగాను. ఎర్రగా ఉంటాయంది. సార్ అడిగితే అదే చెప్పు అన్నాను. పిల్లతో అబద్ధం ఆడించలేదు. నిజమే చెప్పించాను. ఆ నిజంతోనే వాళ్ల బాపును దూరం చేశాను.

కోర్టు వరండాలో ఆయన నా దగ్గరికొచ్చాడు.

"నేను తాగుతనని రాసిన్రట. నీకు తెల్వదా?"

"నాకేం తెల్సు? నీ కండ్లు జూస్తే ఎవరికైనా గట్లనే అనిపిస్తది."

"సాదిక్ సంగతి నీకు చెప్పిన గదా."

"అయితే గదే పోయి జడ్జికి చెప్పుకో."

చెప్పుకోడని నాకు తెలుసు. చెబితే సాదిక్ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ మనిషి మంచితనం కొలత నా దగ్గరుంది, దాని ప్రకారమే కత్తిరించాను. ఆయన లోపలికి వెళ్లాడు, జడ్జి ముందు సాదిక్ పేరే ఎత్తలేదు.

సెలవుల పిటిషన్ కొట్టేశారు. ఆదివారాలు పోయాయి. నెలకోసారి, కోర్టు ఆవరణలోనే, ఒక గంట. ఆయన వచ్చేవాడు. తర్వాత నేను ట్యూషన్ అన్నాను, పరీక్షలన్నాను. కోర్టులో ఆ మాటే విని విని బిడ్డ కూడా తాగుబోతు బాపు వద్దంది. రావడం ఆగిపోయింది. మనోవర్తి మాత్రం బిడ్డ పెద్దదయ్యేదాకా ఒక్క నెలా ఆగలేదు.

ఇప్పుడు నా బిడ్డ నర్సు. మొన్న మొదటిసారి నైట్ డ్యూటీ చేసి వచ్చి అద్దం ముందు నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక్క రాత్రికే ఇట్లయినయేందమ్మా అంది. మీ బాపుకూ ఇట్లనే అయితయి అన్నాను. నోరు జారింది. లేదా జారనిచ్చానేమో.

తాగితే కదా అంది. కాదన్నాను. ఇక ఆపలేదు. సాదిక్ కాలు, మిల్లు, వకీలు, దువ్వెన, వరండా, అన్నీ చెప్పాను. తను అరవలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"నీకు తెల్సని బాపుకు ఎరుకేనా?"

"ఎరుకే."

నన్ను క్షమించమని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు, అడగను కూడా. కానీ ఆ రోజు గొంతు తేలికైంది, అది మాత్రం అబద్ధం కాదు.

బిడ్డ ఫోన్ తీసి నంబరు అడిగింది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ చేయని నంబరు అది, చూడకుండా చెప్పాను. తను లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. కాసేపటికి, "బాపూ, నేను" అన్న మాట వినబడింది. మిగతాది వినే హక్కు నాకు లేదు. మిషన్ ముందు కూర్చుని, చప్పుడు ఎక్కువయ్యేలా తొక్కడం మొదలుపెట్టాను.