గిన్నెల దుకాణంలో ఇంగ్లీషు

ఆ రోజుల్లో, చదువుకునే పిల్లకు ఎవరూ కదిలించని మూల ఒకటి దొరికితే సగం పరీక్ష పాసైనట్టే అనుకునేదాన్ని. నాకు ఆ మూల సిద్దిపేటలో మా బాపు గిన్నెల దుకాణంలో దొరికింది. తొంభైల మొదట్లో డిగ్రీ అయిపోయి ఎంబీఏ ప్రవేశపరీక్షకు తయారవుతున్నాను. లెక్కలతో పేచీ లేదు. చిక్కంతా ఇంగ్లీషు మాటలతోనే. హైదరాబాదు కోఠీలో కొన్న లావుపాటి పుస్తకం పట్టుకుని, స్టీలు బిందెల మధ్య కూర్చుని, "లకోనిక్ అంటే తక్కువ మాట్లాడేవాడు, గారులస్ అంటే వాగుడుకాయ" అని వల్లెవేసేదాన్ని. (బిందెలు కూడా నాతోపాటు వల్లెవేసేవి.)

బాపుకు ఇంగ్లీషు రాదు గానీ, కొట్టి చూడకుండా ఏ సరుకూ నమ్మడు. ఒకరోజు కుక్కరు కొనడానికి వచ్చిన బ్యాంకు మేనేజరును పట్టుకున్నాడు. "సారూ, లకోనిక్ అంటే ఏంది?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "ఏదో మందు పేరు కావచ్చు" అన్నారు. మరునాడు వచ్చిన డాక్టరుగారు అది మందు కాదని మాత్రం గట్టిగా చెప్పి, అంతకుమించి చెప్పలేకపోయారు.

"బిడ్డా, నిన్ను మోసం చేసిన్రు. గంత పెద్ద మేనేజరుకే తెల్వని మాటలు నీకెందుకు?"

"పరీక్షల గవే అడుగుతరు బాపూ!"

"అడిగేటోనికన్న తెలుసా?"

తల పట్టుకున్నాను. ఆ వారమే సరుకు కోసం హైదరాబాదు పోయిన బాపు, నాకు చెప్పకుండా పుస్తకాన్ని తీసుకుపోయి, కొన్నచోటే ఇచ్చేసి, బదులుగా ఒక పల్చటిది తెచ్చాడు. "గిది చూడు. రైల్వే స్టేషన్ల ఎట్ల మాట్లాడాలె, దవాఖానల ఎట్ల మాట్లాడాలె, అన్నీ ఉన్నయి." అప్పటికి సిద్దిపేటకు రైలే లేదు! పరీక్షేమో నెత్తిమీదుంది. నేను ఏడుస్తుంటే అమ్మ వంటింట్లోంచి, "ఆ పుస్తకం వాపస్ తెచ్చేదాక ఇంట్ల పొయ్యి వెలగది" అంది.

మరునాడు పొద్దున్నే బాపూ నేనూ బస్సెక్కాం. మా పుస్తకం అప్పుడే అమ్ముడుపోయిందన్నాడు కొట్టతను. నా మొహం చూసిన బాపు, "తమ్మీ, గసొంటిదే ఇంకోటి ఇయ్యి. ఎవ్వలికి తెల్వని మాటలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది" అన్నాడు. అటక మీంచి దిగిన పుస్తకం మునుపటిదానికి రెండింతలుంది. దాన్ని పరీక్షలోపు ఎట్లా మింగాలో తెలియక నేను గుడ్లప్పగించి చూస్తుంటే, బాపు పెద్ద సైజు గుండిగ కొనిచ్చినంత తృప్తిగా దాన్ని చంకన పెట్టుకున్నాడు.

పరీక్ష రాశాను, సీటూ వచ్చింది. ఆ మాటలు చాలావరకు ఎటో పోయాయి గానీ ఆ తిరుగు ప్రయాణం పోలేదు. కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను, బాపుతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. ఆయన బస్సు ఆగినచోటల్లా దిగి, వేయించిన పల్లీల పొట్లం తెచ్చి నా ఒళ్లో పెట్టేవాడు. ఆ కోపిష్టి పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంత కోపంలోనూ ఒక్క పల్లీ మిగల్చలేదు.