రెండో ధమని

అందరూ ఆమెను అచ్చులక్క అనేవారు. ఇరవై రెండేళ్లు బట్టల దుకాణాల్లో నిలబెట్టే బొమ్మలు అచ్చుల్లో పోసింది. ఆ కంపెనీ మూతపడ్డాక, డాక్టర్లకు ఆపరేషన్లు నేర్పే శిక్షణ కేంద్రంలో పనికి కుదిరింది. ఇక్కడ ఆమె పోసేది మనిషి లోపలి బొమ్మ. అందులోనూ వెనక భాగం. పేగుల్ని కప్పి ఉంచే పొరకు వెనుక, వెన్నెముకకు ముందు ఉండే ఇరుకు చోటు. కిడ్నీలు, వాటినుంచి కిందికి దిగే మూత్రనాళాలు, రెండు లావాటి రక్తనాళాలు, వీటన్నిటినీ మింగేసినట్టు చుట్టూ కొవ్వు.

ఆ కొవ్వే ఆమె ప్రాణం తోడేసింది. సిలికాన్ మెత్తగా పోస్తే పెద్ద డాక్టరు "వెన్నలా జారిపోతోందమ్మా" అనేవాడు. గట్టిగా పోస్తే "ఇది రబ్బరు" అనేవాడు. తొమ్మిదోసారి తిప్పి పంపేనాటికి ఆమె కుడిచెయ్యి భుజం పైకి లేవడం మానేసింది.

ఇంట్లో భర్త మందు రాస్తూ, "ఇంక చాలించరాదూ" అన్నాడు.

"చాలిస్తే రోజంతా నీ మొహం చూస్తూ కూర్చోవాలి" అంది. నవ్వే ఓపిక ఇద్దరికీ లేదు.

చివరికి తెగించి పెద్ద డాక్టర్ని అడిగింది. "ఒక్కసారి అసలుది చూపించండి సార్. చూడకుండా ఎన్నని పొయ్యను?"

రోగి ఒప్పుకున్నాక, ఆమెను ఆపరేషన్ గదిలో ఒక మూల పీట వేసి నిలబెట్టారు. కొవ్వు ఒకచోట దానంతటదే విడిపోయింది, ఇంకోచోట అంటుకుని మొండికేసింది. పట్టకారు తగలగానే మూత్రనాళం వానపాములా మెలికలు తిరిగింది. కిడ్నీకి రక్తం తెచ్చే ధమని ఆమె బొమ్మల్లో ఒక్కటే. ఇక్కడ రెండున్నాయి.

"రెండేంటి సార్?"

"కొందరికుంటాయమ్మా. చూసుకోకపోతే కొంప మునుగుతుంది."

తిరిగొచ్చి కొవ్వును రెండు రకాలుగా కలిపి, అక్కడక్కడా అంటుకునేలా పోసింది. పెద్ద డాక్టరు ఈసారి తిప్పి పంపలేదు. ఆ తర్వాత పోసిన ఆరు బొమ్మల్లో ఒకదానికి మాత్రం అచ్చులక్క ఎవరికీ చెప్పకుండా, కొవ్వు చాటున సన్నటి రెండో ధమని పెట్టింది.

అది శిక్షణకొచ్చిన ఒక డాక్టరమ్మ వంతుకొచ్చింది. ఒక ధమని కట్టి, రెండోది చూసుకోకుండా తొందరపడి కోసింది. రక్తం బదులు గొట్టంలో నింపిన ఎర్రనీళ్లు మోచేతిదాకా చిమ్మాయి.

సాయంత్రానికి కేంద్రం అధికారి కిందికి దిగొచ్చాడు. "కొలతల్లో ధమని ఒకటే అని రాసిచ్చాంగా. మీకెవరు చెప్పారు?"

"లోపల చూసొచ్చాను సార్."

అతను పెద్ద డాక్టర్ని కనుక్కుంటానని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అతని వెనకే డాక్టరమ్మ వచ్చింది. "అందరి ముందూ నా పరువు తీశావక్కా."

"పోయింది బొమ్మేగా తల్లీ" అంది అచ్చులక్క.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ఖాళీ డబ్బా బోర్లించుకుని కూర్చుంది. కళ్లకింద నల్లగా ఉంది.

"ఇవాళ నిజం మనిషి. కిడ్నీ తీసేయాలి. ఒక ధమని దొరికాక కూడా, కొవ్వు వెనక వేలు పెట్టి వెతికాను. ఇంకోటుందక్కా."

"కోశావా?"

"దారంతో కట్టాకే కోశాను."

సంతోషించాలని అచ్చులక్కకు తెలుస్తూనే ఉంది. వచ్చింది మాత్రం పెద్ద నిట్టూర్పు. చేతి తొడుగులు విప్పి, "టీ తాగుతావా?" అంది.

ఇద్దరూ టీ తాగారు. ఈలోగా గిన్నెలో కలిపిన సిలికాన్ గట్టిపడిపోయింది. దాన్ని పెచ్చులుగా పీకి పారేసి, అచ్చులక్క మళ్లీ మొదటినుంచి కలిపింది.