తిరగబడిన కనెక్టర్

2023 వేసవి. ఏ.ఎస్. రావు నగర్‌లో మెయిన్ రోడ్డు పక్క సందులో నా షాపు. కుట్టు మిషన్లు, వాషింగ్ మెషిన్ల సర్క్యూట్ బోర్డులు బాగుచేయడం నా పని. పాడైన బోర్డు మీద నాకు ఏ కోపమూ ఉండదు. ఎవరో సగం బాగుచేసి వదిలేసిన బోర్డు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

లాలాగూడ నుంచి యాదమ్మ సరిగ్గా అలాంటిదే తెచ్చింది, పాత చీర ముక్కలో చుట్టి. జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ కుట్టే కంప్యూటర్ మిషన్ బోర్డు అది. ఇల్లు గడిచేది ఆ మిషన్ మీదే. మోటారు కనెక్టర్ కాలిపోతే కొత్తది వేశారట, స్విచ్ వేయగానే ఫ్యూజు పోయిందట.

లెన్స్ కింద పెట్టగానే సంగతి తెలిసింది. కనెక్టర్ అంటే బోర్డు మీది చిన్న ప్లాస్టిక్ గూడు. తీగల చివరి ప్లగ్గు అందులో కూర్చుంటుంది. ఒక పక్క గాడి ఉంటుంది గనక ప్లగ్గు ఒకే తీరున ఎక్కుతుంది. ఇక్కడ ఆ గూడునే తిప్పి టంకం వేశారు. దాంతో కరెంటు వెళ్లకూడని తీగలోకి వెళ్లింది. ఫ్యూజు తాను పోయి బోర్డును కాపాడింది.

తిట్టబోయి ఆగాను. టంకం చుక్కలు నున్నగా మెరుస్తున్నాయి. చేయి తిరిగినవాడి పని. అలాంటివాడు గూడు తిప్పి పెట్టడమేమిటి? బోర్డుకు ఎడమవైపు హీట్ సింక్, అంటే వేడి లాగే అల్యూమినియం దిమ్మ, ఎత్తుగా ఉంది. ఎడమచేత్తో టంకం వేసే ఐరన్ పట్టినవాడికే అది అడ్డం. అతనైతే బోర్డును తిప్పుకుని కూర్చోవాలి.

"ఇది వేసినాయనది ఎడమ చేతివాటమా అమ్మా?"

"కాదక్కా. మా ఆయనే, నర్సింలు. ఎలక్ట్రీషియన్ పని చేసి రిటైరైండు. నిరుడు పక్షవాతమొచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చేత్తోని నేర్చుకోని చేసిన మొదటి పని ఇదే." గొంతు తగ్గించింది. "ఇది నడ్వకపోతే ఇగ ఐరన్ ముట్టనన్నడు. ఫ్యూజు పోయిన కాడికెల్లి మాట్లాడ్త లేడు. జెర మీరే సరిచేసి, ఫ్యూజే ఖరాబని చెప్పరాదక్కా."

నేను ఒప్పుకోలేదు.

"ఫ్యూజు ఊరికే పోదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. అబద్ధం చెబితే నమ్ముతారా? ఆయన్నే తీసుకురండి. అప్పటిదాకా నేను దీన్ని ముట్టుకోను."

ఆమె ముఖం ముడుచుకుని వెళ్లిపోయింది. అసలు వస్తారో రారోనని ఆ పూటంతా నాకదే బెంగ.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. నర్సింలు గారు కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని, నా వంక చూడకుండా కూర్చున్నారు. లెన్స్ ఆయన వైపు జరిపాను.

"టంకానికి వంక పెట్టలేను. గూడు తిరగబడింది. ఎందుకో మీరే చూడండి."

ఎడమ చేత్తో బోర్డును అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

"అడ్డమొస్తుందని బోర్డు తిప్పుకున్న. గూడు సుత నా దిక్కు చూస్కోనే పెట్టిన." ఎడమ చెయ్యి చూసుకుని, "అంటే చేతిది తప్పు కాదు" అన్నారు.

"కాదు. పీకడం, పెట్టడం కూడా మీ చెయ్యే చెయ్యాలి."

అప్పుడు మొదటిసారి నా వంక చూశారు. నాకూ లోపల భయంగానే ఉంది. గూడు కాళ్లు అతుక్కునే రాగి ప్యాడ్లు పీకేటప్పుడు లేచొస్తే, బోర్డూ పోతుంది, ఆయన ధైర్యమూ పోతుంది. యాదమ్మ చూడలేక గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది.

ఆయన ముందుగా మార్కర్ అడిగి, గూడు మొదటి కాలు రావలసిన చోట బోర్డు మీద ఒక చుక్క పెట్టారు. "ఇగ బోర్డు ఎటు తిప్పుకున్నా పరేషాన్ లేదు." మణికట్టు బల్ల అంచుకు ఆనించారు. బోర్డు నేను పట్టుకున్నాను. గూడు మెల్లగా ఊడింది, ప్యాడ్లు చెక్కుచెదరలేదు. చుక్క చూసుకుని గూడును సరైన దిక్కున పెట్టి టంకం వేశారు, ఫ్యూజు నేను మార్చాను. సాయంత్రం యాదమ్మ ఫోన్ చేసి, మాట్లాడకుండా ఫోన్‌ను మిషన్ పక్కన పెట్టింది. సూది టకటకలాడుతోంది. నాకు ఏడుపొచ్చింది.

సగం బాగుచేసిన బోర్డు చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కాకపోతే, చేసినవాళ్లు ఏ తిప్పలు పడి అలా చేశారో ముందు చూడడం ఆ బోర్డు నాకు నేర్పింది. ఇప్పుడు నర్సింలు గారు రోజూ పొద్దున నా షాపుకు పనికొస్తారు. ఆయన బల్ల మీద ఐరన్ స్టాండు ఎడమవైపు ఉంటుంది. ఎప్పుడైనా మరిచిపోయి దాన్ని నేను కుడివైపుకు జరిపానా, తిట్లు నాకే.