నడిచేవాళ్లు ఫొటోలో పడరు

మా బావ, అంటే మా అక్క మొగుడు, ఫొటోగ్రాఫర్. పెళ్లిళ్లకు పిలిస్తే ఏడుపు ముఖం పెట్టుకుని వెళ్లేవాడు. ఏటి ఒడ్డున ఉన్న పాత కట్టడాలంటే మాత్రం తిండి మానేసి పరిగెత్తేవాడు. పాత సుంకం కచేరీ, రాతి వంతెన, గడియారపు బురుజు, రేవు మెట్ల పైన వరుసగా గిడ్డంగులు. ఏ గోడ మీద ఏ గంటకు ఎండ పడుతుందో ఆయనకు కంఠతా వచ్చు. మా అక్క అన్నం తిన్నదా లేదా అని అడిగితే మాత్రం నీళ్లు నమిలేవాడు.

ఆయనకో పిచ్చి పట్టుదల ఉండేది. ఫొటోలో మనిషన్నవాడు కనపడకూడదు. "జనం పడితే చూసేవాళ్ల కళ్లు జనం మీదకే పోతాయి. గోడనెవరు చూస్తారు?" అనేవాడు. రేవు దగ్గరేమో పొద్దస్తమానం జనమే. అందుకని ఒక ఉపాయం చేసేవాడు. పెట్టె కెమెరాను ముక్కాలి స్టాండు మీద నిలబెట్టి, వెలుతురు తగ్గేలా లెన్సుకు నల్లటి అద్దం తగిలించి, మూత తీసి పది నిమిషాలు అలాగే వదిలేసేవాడు. అంతసేపట్లో నడిచిపోయేవాళ్ల జాడ ఫిల్ము మీద మిగలదు. ఆగినవాళ్లు మాత్రం పడతారు.

ఎవరూ ఆగకుండా చూడటం మా అక్క పని. కెమెరా ముందు అటూ ఇటూ తిరుగుతూ, "నడవండి బాబూ, నడవండి. కబుర్లు అవతలకెళ్లి చెప్పుకోండి. మీరిక్కడ ఆగితే మా ఆయన నన్ను ఏట్లో తోసేస్తాడు" అని అందర్నీ నవ్విస్తూ తోలేది. ఊళ్లో ఆమెకు నడకమ్మ అని పేరు పడిపోయింది. తనూ ఆగకూడదు కాబట్టి ఆ పది నిమిషాలూ నడుస్తూనే ఉండేది. ఏడేళ్లలో తీసిన మూడు వందల ఫొటోల్లోనూ మా అక్క ఉంది. ఒక్కదాంట్లోనూ కనపడదు.

నేను ఊరుకునేదాన్ని కాదు. "బావా, కచేరీ గోడకు తీసినన్ని ఫొటోల్లో ఒక్కటి మా అక్కకు తీస్తే నీ సొమ్మేం పోయింది?" అని దెప్పేదాన్ని.

"మీ అక్క ఎక్కడికి పోతుంది? ఆ గోడలే రేపో మాపో కూలేట్టున్నాయి" అనేవాడు.

గోడలు అలాగే ఉన్నాయి. మా అక్క పోయింది. గుండె జబ్బు. పడిపోయిన రోజు దాకా మాకెవరికీ తెలియలేదు. అప్పటికి వాళ్ల పాపకు నాలుగేళ్లు.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం జడ వేస్తుంటే పాప అడిగింది.

"పిన్నీ, అమ్మ నీలాగే ఉండేదా?"

"అవునమ్మా. అందరూ అలాగే అనేవాళ్లు."

"అందుకేనేమో. కళ్లు మూసుకుంటే నువ్వే వస్తున్నావు. అమ్మ రావట్లేదు."

వాళ్ల పెళ్లినాటి ఫొటో ఒకటుండేది గానీ, ఏరు పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చిన ఏడాది అది నాని ముఖాలు చెరిగిపోయాయి. ఊరందరికీ ఫొటోలు తీసే మనిషి ఇంట్లో పెళ్లాం ఫొటో లేదంటే ఎవరైనా నమ్ముతారా? ఒళ్లు మండిపోయింది. ఆ జడ ఎలాగో పూర్తిచేసి తిన్నగా బావ స్టూడియో మేడెక్కాను.

"ఎక్కడో ఒకచోట పడే ఉంటుంది బావా. వెతుకుదాం."

"లేదు. నేను చూడలేదనుకున్నావా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్క నెగెటివ్‌నూ వెలుతురుకు పట్టి చూశాను. గోడలు, మెట్లు, వంతెన, మళ్లీ గోడలు. వాటి ముందు మా అక్క ఎన్ని మైళ్లు నడిచిందో. చివరికి బీరువా అడుగున ఒక అట్టపెట్టె దొరికింది. దాని మీద బావ చేతిరాతలో "పాడైనవి" అని ఉంది.

"అది వద్దు. అన్నీ చెడిపోయినవే" అన్నాడు గబుక్కున.

"చెడిపోయినవంటే మనుషులు పడ్డవేగా! మనక్కావలసింది అవేగా!"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. పదో నెగెటివో, పన్నెండోదో. గిడ్డంగి ముందు మెట్టు మీద ఒకావిడ కూర్చుని ఉంది. నెగెటివ్ కాబట్టి ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉన్నా మా అక్కను పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు.

"ఉందని నాకు తెలుసు" అన్నాడు బావ. "ఆ రోజు నా చూపు గడియారం మీదా, గోడ మీది ఎండ మీదా ఉంది. మూత పెట్టబోతూ చూద్దును కదా, కూర్చుని ఉంది. ఎండంతా పాడుచేశావని నలుగురిలో అరిచాను. 'కాస్త ఆయాసంగా ఉందండీ. ఇంకోటి తీయండి, ఈసారి నడుస్తాను' అంది. తీశాను. నడిచింది."

ఆ రెండోదే ఇప్పుడు పురపాలక కార్యాలయంలో పెద్ద చట్రంలో వేలాడుతోంది. వచ్చినవాళ్లంతా గిడ్డంగి ఎంత బాగా పడిందో అంటారు. నా చేతిలో ఉన్న నెగెటివ్ అంచున తేదీ చూశాను. అక్క పోవడానికి నాలుగు నెలల ముందుది. నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఆ పూట మాత్రం తిడదామంటే ఏడుపొచ్చింది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

సాయంత్రానికి బావ ఆ ఫొటో కడిగి ఇంటికి తెచ్చాడు. పది నిమిషాలు కదలకుండా కూర్చుందేమో, రవ్వంత కూడా చెదరలేదు. ఒక చెయ్యి మెట్టు మీద ఆనించి, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, తిన్నగా కెమెరా వైపు చూస్తోంది.

పాప దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "అమ్మే!" అంది. ముఖం మీద వేలితో రాసింది. కళ్లు మూసుకుంది, తెరిచింది, మళ్లీ చూసింది. తర్వాత నుదురు ముడిచి నాన్న వైపు తిరిగింది.

"అమ్మకు నొప్పిగా ఉంది కదా నాన్నా. ఎవర్ని చూస్తోంది?"

"నన్నే."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఎదురుగానే ఉన్నానమ్మా" అన్నాడు బావ.