రెండో వరసలో మావయ్య

అత్తయ్య పోయిందని తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను కాకినాడలో మా స్కూలు స్టాఫ్‌రూంలో సైన్సు పేపర్లు దిద్దుకుంటున్నాను. "టీవీ ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందే అక్కా. పనిమనిషి వచ్చి చూసేసరికి టేపు అయిపోయి తెర నీలంగా ఉందట," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు. "బొట్టు సంగతేంటక్కా? ముత్తైదువలా పంపాలా, లేకపోతే ఎలా? ఇక్కడ ఎవరూ తేల్చట్లేదు. నాన్న అరుగు మీంచి లేవట్లేదు. నువ్వు వచ్చెయ్."

మనిషి పోయిన ఇంట్లో ముందుగా రావలసిన ప్రశ్న కాదిది. మా ఇంట్లో అదే ముందొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియాలంటే మీకు ఒక ఆట గురించి చెప్పాలి.

మీలో ఎంతమందికి గుర్తుందో నాకు తెలీదు. కేబుల్ టీవీ మన ఊళ్ళకి కొత్తగా వచ్చిన రోజుల్లో, క్రికెట్ లేని మధ్యాహ్నాలు స్పోర్ట్స్ ఛానల్ వాడికి ఏం వెయ్యాలో తోచక బౌలింగ్ వేసేవాడు. వికెట్లు పడగొట్టే బౌలింగ్ కాదు. అద్దంలా మెరిసే చెక్కబాట, దాని చివర తెల్లటి సీసాల్లాంటివి పది. ఇవతలనుంచి ఒక పెద్దమనిషి బరువైన బంతి దొర్లించి వాటిని పడగొట్టాలి. అంతే ఆట. మా వీధిలో దాన్ని సీసాల ఆట అనేవాళ్ళం. ఆడే దొరలు ఆటగాళ్ళలా ఉండేవారే కాదు. టక్ చేసుకుని, చిరుబొజ్జతో, తాలూకా ఆఫీసు హెడ్‌గుమాస్తాల్లా ఉండేవారు. బంతిని తువ్వాలుతో తుడుచుకుని, చిన్న గాలి గొట్టం మీద అరచెయ్యి ఆరబెట్టుకుని, నాలుగడుగులు నడిచి, చివరి అడుగు జారుతూ బంతి వదిలేవారు. హాలంతా ఊపిరి బిగబట్టేది. దొర్లే చప్పుడు, దాని వెనక పెళ్ళివారి గిన్నెల బస్తా బోర్లించినట్టు పెద్ద చప్పుడు. ఇప్పుడు ఏ ఛానల్ తిప్పినా పాత క్రికెట్టే. ఆ చప్పుడు కోసం నా చెవులు ఇప్పటికీ కొట్టుకుంటాయి.

వీధిలో పిల్లలు కూడా ఆడేవారు. ముంజెలు తీసేసిన తాటిబుర్రకి మూడు కళ్ళుంటాయి కదా, ఆ బంతికీ వేళ్ళు పెట్టుకోడానికి మూడు చిల్లులే. మా అత్తయ్య వాళ్ళ మొక్కల నర్సరీలో ఖాళీ పూలకుండీలు నిలబెట్టి తాటిబుర్రతో కొట్టేవారు. అది తిన్నగా దొర్లి చచ్చేది కాదు. కుండీలు పగిలితే అత్తయ్య తిట్టేది, పగలకపోతే "సరిగ్గా వెయ్యడం కూడా రాదర్రా మీకు" అని ఇంకా తిట్టేది.

అత్తయ్య మా నాన్నకి అక్క. కడియంలో మా ఇల్లూ, వాళ్ళ ఇల్లూ పక్కపక్కనే. వెనక వాళ్ళ నర్సరీ. పిల్లల్లేరు. మావయ్య మొక్కల లారీల వెంట వెళ్ళేవాడు. గులాబీ అంట్లు, క్రోటన్లు, అరటి పిలకలు ఎక్కించుకుని ఎక్కడెక్కడి ఊళ్ళకో. ఆయనకి మొక్కలకంటే లారీ అంటే ఇష్టం. ఇంట్లో ఉన్నప్పుడు కూడా రోడ్డు వైపు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎడమ చెయ్యి తల మీదుగా తిప్పి కుడి చెవి వెనక గోక్కునేవాడు. దగ్గర చెయ్యి ఉండగా దూరం చెయ్యి ఎందుకండీ అని అత్తయ్య విసుక్కునేది.

కేబుల్ రాకముందు ఒకసారి నాగపూర్ వైపు లోడు వెళ్ళింది. లారీ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. డ్రైవరు మా అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "టీ తాగొస్తానని దిగేరండి. ఎంతకీ రాలేదని వెళ్ళి చూసేనండి. గ్లాసు బల్లమీదే ఉందండి. టీ వేడిగానే ఉందండి. ఆయన లేరండి," అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అతను ఆ మాటలు ఆ వరసలోనే చెప్పేవాడు. నాన్న వెళ్ళి వెతికారు. పోలీసులకి చెప్పారు, పేపర్లో ఫొటో వేయించారు. ఎక్కడా ఆచూకీ లేదు.

అత్తయ్య ఆయన్ని సీసాల ఆటలో చూసింది.

నేనప్పుడు రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాను. సెలవు మధ్యాహ్నం. భోజనాలయ్యాయి, కూలీలు షెడ్డు కింద నడుం వాల్చారు. అత్తయ్యా నేనూ వేరుశెనక్కాయలు వలుచుకుంటూ టీవీ చూస్తున్నాం. ఆ ఆటలో కెమెరా సీసాల వైపునుంచి చూపించినప్పుడు, ఆడే మనిషి వెనక మెట్లుమెట్లుగా కూర్చున్న జనం కనిపిస్తారు. అత్తయ్య వలిచే చెయ్యి ఆపింది. "అమ్మాయ్, రెండో వరసలో చూడు. ఎర్ర స్వెట్టరావిడకీ బట్టతలాయనకీ మధ్య," అంది.

చూశాను. తెల్లటి పొట్టిచేతుల చొక్కా. మన రంగే. మన మీసమే. బంతి వదిలారు, జనమంతా చప్పట్లు కొట్టారు, ఆయన కొట్టలేదు. అందరి కళ్ళూ బంతి వెంట వెళ్ళాయి, ఆయనవి వెళ్ళలేదు. తిన్నగా మా గదిలోకి చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఎడమ చెయ్యెత్తి, తల మీదుగా తిప్పి, కుడి చెవి వెనక గోక్కున్నాడు. నా ఒడిలో శెనక్కాయలన్నీ నేలపాలయ్యాయి.

నాన్నని కేకేస్తే వచ్చి, నిలబడే చూశారు. "ఎవరో ఆ దేశపాయన అక్కా. ఎండకి కమిలినట్టున్నాడు. పాస్‌పోర్టు లేని మనిషి అక్కడికెలా వెళ్తాడు?" అన్నారు.

"లారీ ఎక్కినాయన ఎక్కడైనా దిగుతారురా," అంది అత్తయ్య.

నాన్న తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయారు. ఆ తరవాత సీసాల ఆట వస్తున్నంతసేపు ఆయన ఆ గడప తొక్కలేదు.

అదొక్కసారి కనిపించి ఊరుకుంటే నేనూ నాన్న మాటే అనేదాన్ని. కానీ ఊరు మారేది, హాలు మారేది, ఆడేవాళ్ళు మారేవారు. రెండో వరసలో ఆయన ఉండేవాడు. అదే చొక్కా. ఒక్కోరోజు ఉండేవాడు కాదు. అప్పుడు అత్తయ్య "ఇవాళ రాలేదు" అని టీవీ కట్టేసి నర్సరీలోకి పోయేది, సాయంత్రం బస్సు తప్పిపోయింది, రేపొస్తాడు అన్నంత మామూలుగా. ఆట మొదలయ్యే ముందు మొహం కడుక్కుని, కుంకుమ దిద్దుకుని కూర్చునేది. ఊళ్ళో కొందరు నవ్వేవారు. కొందరు పేరంటాలకి పిలవడం మానేశారు. పిలవని ఇంటికి కూడా ఆవిడ పూలు పంపేది.

ఆవిడకి పిచ్చి అనుకునేరు. నర్సరీ అంతా ఒంటి చేత్తో నడిపింది. గులాబీకి అంటు కట్టడం నాకు నేర్పింది ఆవిడే. ఇంటర్ అవగానే నాకు పెళ్ళి చేసేద్దామని నాన్న అంటే అడ్డం పడిందీ ఆవిడే. "దాన్ని సైన్సు చదవనివ్వరా. ఇంట్లో జరిగేదేంటో చెప్పడానికి ఒకరుండాలి కదా," అంది. ఇవాళ నేను నాలుగు ముక్కలు చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆవిడ చలవ. జరిగిందేంటో మాత్రం నేను ఈ రోజుకీ చెప్పలేకపోతున్నాను.

ఆటలో ఆవిడకి ఆటగాళ్ళ మీద అభిమానం లేదు. సీసాల పక్షం. తొమ్మిది పడిపోయి మూల ఒక్కటి నిలబడిపోతే ముందుకి వంగేది. "ఒంటిదాని మీదకి ఎంత బంతి తెస్తున్నాడో చూడు, పాపం," అనేది. అది పడకపోతే ఆ రాత్రి ఇంట్లో పరమాన్నం.

ఛానల్ వాడు కొన్నాళ్ళకి ఇంకా పాత ఆటలు కూడా వెయ్యడం మొదలుపెట్టాడు. రంగు వెలిసిపోయిన బొమ్మ, బెల్‌బాటం ప్యాంట్లు, చెంపల దాకా జుట్టు. వాటిల్లోనూ ఆయన ఉన్నాడు. అదే వయసు. అదే చొక్కా. తెర మూల ఆట ఆడిన సంవత్సరం వేశారు. చూసి లెక్కేసుకున్నాను.

"అత్తయ్యా, ఈ ఆట జరిగిన ఏడు మావయ్య ఇక్కడే ఉన్నాడు. నన్ను భుజాన వేసుకుని గోదావరి పుష్కరాలకి తీసుకెళ్ళాడు," అన్నాను.

అత్తయ్య కనకాంబరాలు మాల కడుతోంది. తల ఎత్తలేదు. "ఉన్నార్లే. అప్పుడు మాత్రం మనసు ఇక్కడ పెట్టుకుని ఉన్నారా ఏంటి," అంది.

నాకు చాలా భయం వేసింది. తెరలో మనిషిని చూసి కాదు, ఆవిడ ఆ మాట అంత తేలిగ్గా అన్నందుకు. మావయ్య మాయమవడానికి ముందు కూడా ఆవిడ ఒక్కతే ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

తరవాత ఆ ఆట రావడం మానేసింది. అత్తయ్య కేబుల్ అబ్బాయి ఇంటికి తనే వెళ్ళింది. అతను ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన టేపు ఒకటి దొరికింది. ఒక్క ఆట. ఎర్ర స్వెట్టరావిడ, బట్టతలాయన, మధ్యలో ఆయన. చివర్లో మూల సీసా ఒకటి ఎంతకీ పడదు, జనమంతా లేచి నిలబడతారు, ఆయన మాత్రం లేవడు. రోజూ మధ్యాహ్నం ఆవిడ అదే చూసేది. "ఆట అయ్యేదాకా లేవరు. నాతో పాటు చూస్తారు," అనేది. ప్రయాణం మధ్యలో దిగిపోయిన మనిషి గురించి ఆ మాటేంటని నాకు నోటిదాకా వచ్చేది. మింగేసేదాన్ని.

జాడ తెలియని మనిషి కోసం పన్నెండేళ్ళు చూస్తారు. ఆ పైన దర్భలతో బొమ్మ చేసి, ఆ బొమ్మకి దహనం చేసి, కర్మ చేస్తారు. ఆ రోజుతో భార్య బొట్టు తీసేస్తారు. గడువు దాటాక నాన్నే పంతులుగారిని తీసుకొచ్చారు. తప్పు ఆయనది కాదు, ఊరు ఊరుకోవట్లేదు. అత్తయ్య గొడవపడలేదు. పంతులుగారికి పీట వేసి, మంచినీళ్ళిచ్చి, "ఒక్కసారి ఇది చూసి మీరెలా చెప్తే అలానండి," అని టేపు పెట్టింది. నాన్న వీధి అరుగు మీదే కూర్చున్నారు. ఆ పంతులుగారే వాళ్ళ పెళ్ళి చేయించినవారు. ముందు ఆట ఏంటో అర్థం కాక కళ్ళు చిట్లించారు, తరవాత ఆటలో పడి "అరెరె, మూలది పడలేదండీ" అన్నారు, ఆ తరవాత రెండో వరస చూసి పీట తెర దగ్గరికి జరుపుకున్నారు. ఆట అయ్యాక కండువాతో మొహం తుడుచుకుని బయటికొచ్చారు.

"నేను చాలా శాస్త్రం చూశానండి. ఇలాంటిది చూళ్ళేదు. కనపడుతున్న మనిషికి నేను పిండం పెట్టలేనండి," అన్నారు నాన్నతో.

అత్తయ్య బొట్టు అలా నిలబడింది. ఆవిడ ఆ రోజు ఏడ్చింది. నేను చూసిన ఏడుపు అదొక్కటే.

అందుకే మొన్న తమ్ముడు అలా అడిగాడు. నేను కడియం చేరేసరికి అత్తయ్యని చాప మీద పడుకోబెట్టారు. కుంకుమ నుదుటి మీద చెక్కుచెదరకుండా ఉంది. ఒక పెద్దావిడ "మొగుడు ఏమైపోయాడో తెలీనిది ముత్తైదువ ఎలా అవుద్దే" అని పైకే అంది. నాన్నని అడిగితే "నన్నడక్కమ్మా" అన్నారు. ముసలివారైపోయిన పంతులుగారిని ఆటోలో తీసుకొచ్చాం. "అప్పుడన్న మాటే ఇప్పుడూనమ్మా. పసుపు రాయండి," అన్నారు. రాశాం. కొత్త చీర, గాజులు, తను పెంచిన కనకాంబరాలు. వీధి ఆడవాళ్ళు కొందరు వచ్చి ఆవిడ చేతి పసుపు తీసుకున్నారు. కొందరు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మేం చేసింది సరో కాదో నాకు తెలీలేదు. తెలీదనే భయం నన్ను ఆ పది రోజులూ తింది.

పదకొండో రోజు మధ్యాహ్నం, చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయాక, అత్తయ్య గదిలో నేను బట్టలు మడత పెడుతున్నాను. నాన్న వచ్చి గడప మీద కాసేపు నిలబడ్డారు. తరవాత లోపలికొచ్చి, అత్తయ్య కుర్చీ వదిలేసి, కింద చాప మీద కూర్చున్నారు.

"ఆ టేపు ఒకసారి పెట్టమ్మా," అన్నారు.

టేపు ప్లేయర్లోనే ఉంది. వెనక్కి తిప్పి పెట్టాను. చెక్కబాట మెరిసింది. టక్ చేసుకున్న పెద్దమనుషులు బంతులు తుడుచుకున్నారు. రెండో వరసలో ఆయన ఉన్నాడు. తెల్ల చొక్కా, మీసం, తిన్నగా మా మీదే చూపు. నాకు ఆ ఆట కంఠతా వచ్చు. ఎప్పుడు ఎవరు దగ్గుతారో కూడా తెలుసు. చివరికి ఆ మూల సీసా దగ్గరికొచ్చాం. బంతి వెళ్ళింది, గిన్నెల బస్తా బోర్లింది, మూలది అటూ ఇటూ ఊగి నిలబడిపోయింది. "పాపం" అని నా నోటికే వచ్చేసింది. కెమెరా మళ్ళీ జనం వైపు తిరిగింది.

ఎర్ర స్వెట్టరావిడ ఉంది. బట్టతలాయన ఉన్నాడు. మధ్యలో ఎవరూ లేరు. ఆట ఇంకా అవలేదు, జనం ఇంకా లేవలేదు.

నాన్న చాప మీంచి ముందుకి వంగారు. ఇన్నేళ్ళూ ఎవరో ఆ దేశపాయన అన్న మనిషి, "బావ లేచి వెళ్ళాడమ్మా," అన్నారు.

తెరలో ఆ ఖాళీ కుర్చీ, మనిషి లేవగానే పైకి మడత పడే రకం, ఇప్పుడే ఎవరో లేచినట్టు ఇంకా మెల్లగా ఊగుతోంది.