అమ్మ తొక్కితేనే కదిలే జీపు

మా చిన్నప్పుడు... ఆదివారం ప్రార్థన మందిరం నుంచి రాగానే నాయన తెల్లచొక్కా విప్పి జీపు కిందికి దూరేవాడు.

ఆళ్లగడ్డ దగ్గర చేలో ఇల్లు మాది. జీపు వేలంలో కొన్న పాతది... పది మంది పట్టేంత పెద్దది. దాన్ని ఏ మెకానిక్కునూ ముట్టనిచ్చేవాడు కాదు. "నా బండి మీద ఇంకొకడి చెయ్యి ఏందీ" అనేవాడు. కిరసనాయిలు పోసిన పళ్లెంలో బోల్టులు నానుతూ ఉండేవి. అది మేం అన్నం తినే పళ్లెమే... అమ్మ దాని మీద ఆశ వదులుకుంది.

ఒక్క పనికి మాత్రం ఆయనకు అమ్మ కావాలి. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలంటే ఒకరు కింద మర వదులు చేయాలి, ఒకరు పైన పెడల్ తొక్కాలి. బండి నడపడం రాని అమ్మ డ్రైవరు సీట్లో కూర్చునేది. కింద నుంచి నాయన "తొక్కు మార్తా... పట్టు... వదులు" అంటుంటే తొక్కేది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా సీటు దిగేది కాదు. "గట్టిపడింది" అని అమ్మ చెబితేనే పని అయినట్టు.

వానాకాలంలో మా నల్లరేగడి దారిలో జీపు పొట్ట బురదకు ఆనుకుని ఇరుక్కునేది. తమ్ముడు అమ్మ కడుపులో ఉన్న ఏడు నాయనకు భయం పట్టుకుంది. కాన్పు సమయానికి బండి ఇరుక్కుంటే ఎట్లా... పొద్దస్తమానం అదే మాట. చివరికి నంద్యాల నుంచి అదనంగా స్ప్రింగుల్లా పనిచేసే ఇనుప కమాను పట్టీలు, పెద్ద టైర్లు తెచ్చి, కళ్లంలో నిలబెట్టి జీపును ఎత్తు పెంచాడు. వెనక ఇరుసుకు పోయే బ్రేకు రబ్బరు గొట్టం ఆ ఎత్తుకు అందుతుందా అని చూశాడు. అందింది. చదును కళ్లంలో అందింది మరి... గుంతలో చక్రం కిందికి వేలాడితే ఏమవుతుందో ఆయనకు తట్టలేదు.

నొప్పులు మొదలైన సాయంత్రం కుండపోత వాన. వెనక సీట్లో అమ్మ, ఆమె తల నా ఒళ్లో. జీపు బురదను లెక్కచేయలేదు. ముందు అద్దంలో నాయన ముఖం వెలిగిపోవడం కనిపించింది. వంక దాటేటప్పుడు వెనక చక్రం ఒకటి గబుక్కున గుంతలోకి దిగి లేచింది. ఎట్లాగో రోడ్డెక్కాం.

కొంచెం దూరం పోయాక నాయన పెడల్‌ను టకటకా తొక్కడం వినబడింది. పెడల్ కింద రేకుకు తగులుతోంది. అమ్మ కళ్లు తెరిచింది.

"పెడల్ కిందికి పోతాంది గదా."

"ఏం లేదు, నువ్వు పండుకో."

"నాకు చెప్తాండావా నువ్వు? ఎన్నేండ్లు తొక్కినా దాన్ని. గాలి కాదిది... ఆయిలే లేదు. గేరు తగ్గించు."

ఆ వానలో రోడ్డు మీద ఇంకో బండి లేదు మమ్మల్ని ఎక్కించుకోవడానికి. హ్యాండు బ్రేకు పేరుకే ఉండేది. నాయన గేర్లు తగ్గించుకుంటూ పోతున్నాడు. నొప్పి వచ్చినప్పుడల్లా అమ్మ నా చేయి నలిపేసేది. ప్రార్థన చేద్దామంటే నాకు ఒక్క మాట గుర్తు రాలేదు.

మలుపు తిరగగానే ఎదురుగా రోడ్డు నిండా గొర్రెల మంద. నాయన హారను కొడుతూనే ఉన్నాడు. కాపరి అదిలిస్తున్నాడు, కానీ అవి కదిలితే కదా.

"చేలోకి దించు" అంది అమ్మ. "బురదే ఆపుతాది."

నాయన స్టీరింగు తిప్పాడు. "పట్టు మార్తా... పట్టు" అన్నాడు. జీపు కింద పడుకుని అనే మాటే అది. బండి రోడ్డు దిగి నల్లరేగడిలో కూరుకుంటూ, ఊగుతూ, మెల్లగా ఆగింది. ఏ బురదకు భయపడి ఎత్తు పెంచాడో ఆ బురదే మమ్మల్ని కాపాడింది. మళ్లీ ఆ పెద్ద టైర్లే మమ్మల్ని బురదలోంచి లాగి రోడ్డెక్కించాయి.

నంద్యాల దాకా రెండో గేరే. ఆసుపత్రి ముందు గేరులోనే ఇంజను ఆపేస్తే జీపు ఒక్క కుదుపుతో నిలబడింది. అమ్మను లోపలికి తీసుకుపోయిన కాసేపటికే తమ్ముడు పుట్టాడు.

తెల్లారి నాయన జీపు కిందికి దూరి, తెగిపోయిన రబ్బరు గొట్టం ముక్క పట్టుకుని వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. బాగా తిడుతుందనుకున్నా. "ఈసారి చక్రం వేలాడేసి కొలువు" అంది, అంతే.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. ఎక్కడికి బయల్దేరినా ముందు అమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని ఒకసారి తొక్కాలి. "గట్టిగుంది" అనాలి. ఆ తర్వాతే ప్రార్థన, ప్రయాణం. పెళ్లికి పట్టుచీర కట్టుకుని పోతున్నా ఇదే తంతు.

ఇప్పుడు తమ్ముడి దగ్గర కొత్త పెద్ద బండి ఉంది. నాయన పోలికే కదా... వాడూ ఎత్తు పెంచాడు, లావు టైర్లు వేయించాడు. కానీ ఒక్కసారీ దాని కిందికి దూరడు. తాళంచెవి షెడ్డులో ఇచ్చేసి ఏసీ గదిలో టీ తాగుతాడు. ఏది చెడినా తెర మీద కనపడుతుందట. "ఆ తెరకు కాలుండాదా అప్పా" అంటూ బయల్దేరే ముందు ఈ బండినీ అమ్మే ఎక్కి తొక్కుతుంది.

పోయిన నెల మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ సీటు ఎక్కలేకపోయింది. తలుపు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి వెనక్కి తగ్గింది. "నువ్వే తొక్కి చూసుకో పో" అంది. ఆ మాట నాకు గుండెల్లో గుచ్చుకుంది.

మొన్న వెళితే బండికి కొత్తగా ఒక మెట్టు కనిపించింది. డ్రైవరు వైపు ఒక్కటే, పీటంత ఎత్తులో. తమ్ముడే కింద పడుకుని బిగించాడట... పక్కన కుర్చీ వేసుకుని నాయన పానాలు అందించాడట. అమ్మ దాని మీద కాలు పెట్టి ఎక్కి కూర్చుంది. తొక్కింది. మా అందరి వైపూ చూసి "గట్టిగుంది" అంది.

జీపు ఎప్పుడో పోయింది. బండి కింద నుంచి ఇంట్లోవాళ్లను కేకేసే ఆ ఆదివారాలూ పోయాయి... మీ ఇంట్లో అట్లా పెడల్ తొక్కిన వాళ్లెవరు? ఉంటే వాళ్ల సంగతులు నాకూ చెప్పండి... అమ్మకు చదివి వినిపిస్తాను.